ఒక్క స్టారు ఎవరిచ్చారు

నాకు ఒక్క స్టారు ఇచ్చిన మనిషిని పట్టుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నేను అనుమానించని మనిషి లేడు. కొరియర్ వాణ్ణి అనుమానించాను. ఎదురింటి టైపు మేష్టార్ని అనుమానించాను. ఆయనకు ఆన్‌లైన్ వేలమంటే ఏమిటో కూడా తెలీదు. తెలీనట్టు నటిస్తున్నాడేమో అని రెండు రోజులు ఆయనమీద కూడా కన్నేసి ఉంచాను.

పాత కీ వాచీలు కొని, బాగుచేసి, వేలం సైట్లో అమ్మడం నా పని. నలభై ఏళ్ళుగా వాచీలు విప్పుతున్నాను. మొదట్లో పెద్దరోడ్డు మీద కొట్టు ఉండేది. జనం వాచీలు మానేసి ఫోన్లో టైము చూసుకోవడం మొదలెట్టాక కొట్టు ఎత్తేసి, ఇంట్లోనే ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాను. నేను బాగుచేస్తాను. మా ఆవిడ ఫొటోలు తీసి సైట్లో పెడుతుంది. వేలం ముగిశాక పెట్టెలో సర్ది, పట్టుకెళ్ళి కొరియర్‌కి ఇచ్చి వస్తుంది.

సైట్లో కొన్నవాడు అమ్మినవాడికి అయిదింటికి ఇన్నని స్టార్లు ఇవ్వాలి, అమ్మినవాడు కూడా కొన్నవాడికి ఇవ్వాలి. దీంట్లో నాకో పద్ధతి ఉండేది. ముందు వాళ్ళు ఇవ్వాలి, ఆ తర్వాతే నేను. వాళ్ళు అయిదిస్తే నేనూ అయిదిస్తాను. నాలుగో మూడో ఇచ్చారా, ఒకటి తగిలించి కింద "పేచీకోరు, ఇతనికి అమ్మకండి" అని రాసేవాణ్ణి. ఆ మాట ఒకసారి పడిందంటే ఇంక ఆ మనిషి పాట ఏ అమ్మకందారూ ఒప్పుకోడు. ఒకాయన ఇలాగే రెండిచ్చి, నా జవాబు చూసి, మర్నాడు పొద్దున్నే దాన్ని అయిదు చేసి, నాదీ మార్చమని బతిమాలుకున్నాడు. మార్చాను. నేనేం రాక్షసుణ్ణి కాదు.

"పాపం, భయపడి ఇచ్చాడండీ," అంది మా ఆవిడ.

"తప్పు తెలుసుకుని ఇచ్చాడు," అన్నాను.

అలా వెయ్యి పైచిలుకు అయిదులు పోగయ్యాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదివినట్టు వాటిని చదువుకునేవాణ్ణి. 'చేతిలో మహత్యం ఉంది' అని ఒకరు, 'నిమిషం తేడా లేదు' అని ఒకరు. వీటితో కడుపు నిండుతుందా అని బంధువులు వెటకారం చేసేవాళ్ళు. నాకైతే నిండేది, అబద్ధం ఎందుకు.

అలాంటిది సైటు వాళ్ళకు ఏ పురుగు కుట్టిందో, రేటింగుల పద్ధతి మెరుగుపరుస్తున్నామని ఒక సందేశం పంపారు. ఇకమీదట ఏ స్టారు ఎవరిచ్చారో అమ్మినవాడికి కనపడదు. నెలలో వచ్చినవన్నీ కలిపి నెలాఖరున ఒక్కసారే బయటపెడతారు. అమ్మినవాడు కొన్నవాడికి స్టార్లిచ్చే పద్ధతి రద్దు. కొన్నవాళ్ళు నిర్భయంగా నిజం చెప్పడానికట ఇదంతా. ఎవరిక్కడ భయపెట్టింది? మొహం చూపించనివాడి మాటకు విలువేమిటి? కారాలు మిరియాలు నూరుతూ సైటు వాళ్ళకు పేజీన్నర ఉత్తరం రాశాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

కొత్త పద్ధతిలో మొదటి నెలాఖరు వచ్చింది. ఆ నెల తొమ్మిది వాచీలు అమ్మాను. ఎనిమిది అయిదులు. తొమ్మిదోది ఒక్క స్టారే.

దాని కింద ఇలా ఉంది: "వారం బాగానే నడిచింది. తర్వాత రోజుకు పది నిమిషాలు ముందుకు పోతోంది. లోపల నూనె ఎక్కువైంది."

ఈ నూనె సంగతి కొంచెం చెప్పాలి. వాచీ లోపల చక్రాల ఇరుసులకు నూనె వెయ్యాలి. గిన్నెతో పోసేది కాదు, సూదికన్నా సన్నటి పుల్లతో అంటించాలి. ఆ బొట్టు కంటికి కనపడీ కనపడనట్టుండాలి. ఎక్కువైతే నాలుగు రోజుల్లో మెల్లగా పాకి హెయిర్ స్ప్రింగుకు అంటుకుంటుంది. వెంట్రుకంత సన్నటి ఆ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయంటే వాచీకి పిచ్చి పట్టినట్టే, పరుగులు పెడుతుంది. పనిలో చేరిన మొదటి నెలలో ఎవడైనా చేసే తప్పు ఇది. నలభై ఏళ్ళ తర్వాత ఆ తప్పు నా చేతికి అంటగట్టారు. అదే నిజమైతే నేను ఆ బల్ల దగ్గర్నుంచి లేవాల్సిందే, ఇంకో మాట లేదు. ఆ బల్ల లేకపోతే నేను పొద్దున్నే ఎందుకు లేవాలో నాకు తెలీదు. కాబట్టి అది అబద్ధమని తేలాలి. తేలాలంటే రాసినవాడు దొరకాలి.

తొమ్మిది మంది పేర్లూ కాగితం మీద రాసుకున్నాను. పేర్లంటే అసలు పేర్లు కావు, సైట్లో పెట్టుకునే ముసుగులు. రైలుబండి, పాతబంగారం, పెరటిజామ, ఆదివారం ఇలాంటివి. ఒక్కొక్కరికీ తేనె పూసినట్టు సందేశం పెట్టాను, వాచీ ఎలా నడుస్తోందండీ అని. రైలుబండి రెండే నిమిషాల్లో "బ్రహ్మాండం" అన్నాడు. అంత తొందరెందుకు, నా సందేశం కోసం కాచుక్కూర్చున్నాడా? పాతబంగారం నాలుగు రోజులాగి "బాగుంది" అంది. నాలుగు రోజులు ఏం ఆలోచించింది? పెరటిజామ అసలు పలకనే లేదు. ఆదివారం అనేవాడు "పరవాలేదండీ, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగాడు. నా ఆరోగ్యంతో వాడికేం పని?

"జవాబిస్తే ఒక అనుమానం, ఇవ్వకపోతే ఇంకో అనుమానం," అంది మా ఆవిడ అట్టపెట్టెకు టేపు వేస్తూ. "ఇంతకీ ఎలా ఉంటే మంచివాళ్ళండీ మీ లెక్కలో?"

"అయిదిస్తే," అన్నాను.

ఆ జవాబులు చదవడానికి కూడా నానా అవస్థ పడ్డాను. రేటింగులు మార్చినప్పుడే సైటు వాళ్ళు అక్షరాలు కూడా చిన్నవి చేసినట్టున్నారు. బల్ల మీద దీపమూ అంతే. ఏడాదిలో రెండుసార్లు పెద్ద బల్బు మార్చాను. ఈ రోజుల్లో బల్బుల్లో కూడా కల్తీయే.

ఆరో రోజున నాకో సంగతి తట్టింది. మామూలు మనిషి అయితే వాచీ ముందుకు పోతోంది అని రాసి ఊరుకుంటాడు. నూనె ఎక్కువైందని రాయడు. వెనకమూత తీసి, లోపల చూసి, చూసినదేమిటో తెలిసినవాడే ఆ మాట రాయగలడు. అంటే పని తెలిసినవాడు. ఈ చుట్టుపక్కల పని తెలిసినవాళ్ళెవరు? పెద్దరోడ్డు మీద అద్దాల షాపువాడికి బ్యాటరీ మార్చడం తప్ప ఏమీ రాదు. ఇక మిగిలింది ఒక్కడే. నా బావమరిది.

మా ఆవిడ తమ్ముడు. ఎనిమిదేళ్ళు నా పక్కన బల్ల వేసుకుని పని నేర్చుకున్నాడు. స్క్రూ పట్టుకోవడం దగ్గర్నుంచి నేనే నేర్పాను. మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న, నేను మూసిన వాచీ ఒకటి తీసి చూసి, "బావా, ఈమధ్య నూనె కాస్త ఎక్కువ పడుతున్నట్టుందండీ," అన్నాడు. వాడి ఎత్తు నాకు వెంటనే అర్థమైంది. నన్ను లేపి నా బల్ల మీద కూర్చోవాలని. "నా దగ్గర నేర్చుకుని నా చేతికే వంక పెడతావా," అని వాడి స్టూలు వీధిలో పడేశాను. వాడు స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ వాడి గుమ్మం నేను తొక్కలేదు, నా గుమ్మం వాడు తొక్కలేదు.

అప్పుడు వాడన్నదీ నూనే, ఇప్పుడు రాసిందీ నూనే. దొంగ దొరికాడు అనుకున్నాను. ఆరు రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

"నీ తమ్ముడే రాశాడు," అన్నాను మా ఆవిడతో.

ఆవిడ గిన్నె కడుగుతోంది. అదే గిన్నెను మళ్ళీ కడిగింది. "వాడెందుకు రాస్తాడండీ," అంది, నా వైపు తిరగకుండా.

ఆవిడ అబద్ధం చెప్పేటప్పుడు గిన్నెలు రెండోసారి కడుగుతుంది. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో నాకు తెలిసిన రహస్యం అది. ఇంతవరకూ ఊరందర్నీ అనుమానించాను గానీ ఇంట్లో మనిషి జోలికి పోలేదు. ఇక ఆ రోజు నుంచీ ఆవిణ్ణే గమనించడం మొదలెట్టాను. కొరియర్ ఆఫీసు మా వీధి చివరే. నడిచి వెళ్ళి రావడానికి పదిహేను నిమిషాలు చాలు. ఆవిడకు రెండు గంటలు పడుతోంది. ఎన్నాళ్ళ నుంచి పడుతోందని ఆలోచిస్తే, ఎప్పట్నుంచో పడుతోంది. బల్ల మీద తల వంచుకుని కూర్చున్నవాడికి గంట ఏదో, రెండు గంటలేవో. ఇంటినిండా గడియారాలు పెట్టుకుని నేను ఒక్కసారీ టైము చూడలేదు.

పదకొండో రోజు, పొద్దున పదింటికి, వేలం ముగిసిన మూడు వాచీలు సంచిలో వేసుకుని ఆవిడ బయల్దేరింది. వందడుగులు వెనకగా నేనూ బయల్దేరాను. సొంత పెళ్ళాన్ని వెంబడించడం ఎంత సిగ్గుచేటో, స్తంభం చాటున నిలబడితే గానీ తెలీదు. ఆవిడ కొరియర్ ఆఫీసు దాటింది. తల కూడా తిప్పలేదు. సైకిల్ షాపు సందులోకి తిరిగి, దర్జీ కొట్టు పక్కనున్న మెట్లెక్కింది. మెట్ల మొదట్లో చిన్న రేకు బోర్డు ఉంది. గడియారాలు బాగుచేయబడును.

పది నిమిషాలాగి నేనూ ఎక్కాను. తలుపు ఓరగా తీసి ఉంది. ఒకే గది, ఒక కిటికీ, కిటికీ కింద బల్ల. గోడ పక్కన కట్టిపెట్టిన రెండు పెట్టెలున్నాయి. మా ఆవిడ మంచం అంచున కూర్చుని టీ తాగుతోంది. నా బావమరిది బల్ల దగ్గర కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, నా వాచీ విప్పుతున్నాడు. మిగతా రెండూ అప్పటికే మూతలు తీసి పక్కన పెట్టి ఉన్నాయి.

నా కళ్ళు ఎర్రబడ్డాయి. ఇదా సంగతి! నేను వెతికి వెతికి తెచ్చి వేసిన పాతకాలపు చక్రాలు లాగేసి, చవక చక్రాలు బిగించి పంపుతున్నారన్నమాట అక్కాతమ్ముళ్ళు. అవి నాలుగు రోజుల్లో పాడవుతాయి, తిట్లు నాకు.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ దొంగతనం?" అన్నాను గుమ్మంలో నిలబడి.

మా ఆవిడ చేతిలో టీ ఒలికింది. వాడు మాత్రం తొణకలేదు. పట్టకారు కింద పెట్టి, లేచి, తన స్టూలు నా వైపు జరిపాడు. "కూర్చోండి బావా. ఇది మీరు మూసింది. లోపల నేనింకా చెయ్యి పెట్టలేదు. చూడండి."

భూతద్దం పెట్టుకుని చూశాను. "శుభ్రంగా ఉంది. ఏముంది ఇందులో తప్పు?"

వాడు పల్చటి కాగితం చివర సన్నగా చింపి, చక్రం పక్కన అలా తాకించి, కిటికీ వెలుతురులో పెట్టాడు. కాగితం మీద పెసరగింజంత నూనె మరక. ఆ మరక నాకు కనపడింది.

"నువ్వే పోసుంటావు," అన్నాను.

వాడు బల్ల మీదున్న ఇంకో వాచీని నా ముందుకు జరిపాడు. "దీన్ని పొద్దున్నే కడిగి ఆరబెట్టాను. ఇరుసు తిరిగే ఈ ఎర్రరాయి దగ్గర ఒక్కచోట మీరే నూనె వెయ్యండి. మేమిద్దరం ముట్టుకోం." నూనె సీసా, పుల్ల నా చేతికిచ్చాడు.

వేశాను. నలభై ఏళ్ళుగా వేస్తున్నదే, కళ్ళు మూసుకుని వెయ్యగలను. చెయ్యి వణకలేదు, అది మాత్రం నిజం. పుల్ల ముంచి అంటించాను. బొట్టు పడ్డట్టు కనపడలేదు. పుల్లకే అంటుకుని ఉండిపోయిందేమో అని మళ్ళీ అంటించాను. పడ్డాక పుల్ల పక్కన పెట్టాను.

"ఎన్నిసార్లు వేశారు బావా?"

"ఎన్నిసార్లేమిటి? ఒక్కసారి."

కింద దర్జీ మిషను చప్పుడు వినిపిస్తోంది.

"నాలుగుసార్లండీ," అంది మా ఆవిడ మెల్లగా.

ఆవిడ మొహంలోకి చూశాను. అప్పుడు ఆవిడ చేతుల్లో గిన్నె లేదు, కడగడానికేమీ లేదు. నా మొహంలోకే సూటిగా చూస్తోంది.

నూనె సీసాకు మూత పెట్టాను. "ఆ స్టారు ఎవరిచ్చారు?"

బావమరిది అక్క వైపు చూశాడు. "వీడి పేరుతో కొనిపించాను," అంది ఆవిడ. "ఆదివారం వీడే. రాసింది మాత్రం నేను. ఆ ఒక్క వాచీని వీడితో బాగుచేయించకుండా, మీరు మూసింది మూసినట్టే పెట్టాం. అది సరిగ్గా వారం నడిచింది."

"సొంత మొగుడికి దొంగ రేటింగు ఇచ్చావా?"

"దొంగదెలా అవుతుందండీ? వేలంలో పాడుకున్నాం, కొన్నాం, వారం రోజులు పెట్టుకుని చూశాం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు."

"మరి మిగతావి?"

"మూడేళ్ళుగా మీరు మూసినవన్నీ వీడే మళ్ళీ విప్పి, కడిగి, మూస్తున్నాడు. పోయిన మూడేళ్ళ అయిదులు వీడివి."

అంతకుముందువి ఎవరివని నేను అడగలేదు. అడగాల్సిన పనిలేదు. అవి నేను భయపెట్టి తెచ్చుకున్నవి. వెయ్యి అయిదుల్లో నావి ఎన్నో ఇప్పుడు నాకే తెలీదు. ఈ ఒక్క స్టారు మాత్రం ఖాయంగా నాది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను అరుస్తాను, చిన్నప్పట్నుంచీ అంతే. "నాతో చెప్పొచ్చుగా! ఊరందరికీ కనపడేట్టు రాస్తావా? ఇంట్లో చెప్పలేవా?"

"చెప్పినవాళ్ళకు మీరేమిచ్చారో చూశాను కదండీ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "వీడు ఒక్క మాట అన్నందుకు స్టూలు వీధిలో పడింది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదామన్నందుకు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకోసారి కదిపితే, నీకు నా చావు కావాలా అన్నారు. అప్పట్నుంచీ నేనూ మీకు అయిదే ఇస్తూ వచ్చాను. వీడికి వేరే ఊళ్ళో పని దొరికింది, వచ్చే నెల వెళ్ళిపోతున్నాడు. ఇంక మీ వెనక సరిదిద్దేవాళ్ళు లేరు. ఎలా చెప్పాలి? ఆ సైట్లో అయితే మీరు తిరిగి ఏమీ ఇవ్వలేరు. అందుకని అక్కడ చెప్పాను."

గోడ పక్కన కట్టిన పెట్టెలు ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. బావమరిది తల వంచుకుని పట్టకారు తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. వాడిది అక్క పోలికే. మూడేళ్ళు, నేను గెంటేసిన మనిషి, నా పేరు చెడకుండా కూర్చుని నా తప్పులు కడిగాడు. ఒక్కరోజూ ఎవరితోనూ అనలేదు. వాడి స్టూలు మీద నుంచి లేచి, మంచం మీద మా ఆవిడ పక్కన కూర్చున్నాను.

"వేలంలో ఇప్పుడు ఎన్నున్నాయి?" అన్నాను.

"ఆరు. ఎల్లుండితో గడువు."

"అవీ వీడి చేతి మీదుగా వచ్చినవేనా?"

"ఇంకా లేదు. పాట ముగిశాక తీసుకొస్తాను. అందాకా మీరు మూసినట్టే ఉంటాయి."

"వెళ్ళేలోగా ఆరూ చూసేస్తాను బావా," అన్నాడు వాడు. "మీరు దిగులు పెట్టుకోకండి."

"వద్దు. ఫోను తియ్యి," అన్నాను మా ఆవిడతో. "ఆరింటి కిందా నేను చెప్పింది చెప్పినట్టు రాయి."

"ముందు డాక్టరు దగ్గరికి వెళదామండీ. ఏమంటారో చూశాక—"

"రేపే వెళదాం. ఆయన ఏమన్నా ముందు ఇది రాయి."

ఆవిడ ఫోను తీసింది. చెప్పడం మొదలెట్టాను. "ఈ వాచీ ఇప్పటికి నడుస్తోంది. తెలిసినవారికి చూపించుకుని పెట్టుకోండి. దీన్ని బాగుచేసినవాడికి నూనె బొట్టు కనపడదు."

"అలా రాస్తే ఎవరు కొంటారు బావా?" అన్నాడు బావమరిది.

"కొనేవాళ్ళు కొంటారు. వాళ్ళు ఎన్ని ఇచ్చినా అవి నావి."

మా ఆవిడ వేలు చివరి మాట దగ్గర ఆగింది. నా వైపు చూడకుండా, చాలా మామూలుగా అడిగింది. "కనపడదు అని రాయనా, సరిగా కనపడదు అని రాయనా?"

కిటికీ కింద బల్ల మీద నేను ఇందాక నూనె వేసిన వాచీ మూత తీసే ఉంది. అక్కడ నాలుగు బొట్లున్నాయని తెలిశాక కూడా, అంత దూరం నుంచి కాదు గదా, దగ్గరికెళ్ళి భూతద్దం పెట్టుకున్నా నాకు ఒక్కటీ కనపడదు.

"కనపడదు అనే రాయి," అన్నాను.